బాకీల ప్రోగ్రాముకి బాబాయి గారి టిక్కు

జూన్ 7, శనివారం

మా అపార్ట్‌మెంటు బెంగళూరు మారతహళ్ళిలో, రింగు రోడ్డుకి రెండు వీధుల లోపల. నాలుగు అంతస్తులు, 48 ఫ్లాట్లు. ట్రెజరర్ పదవి మూడేళ్ళుగా మూడో అంతస్తు బాబాయి గారిదే, ఎందుకంటే ఇంకెవరూ తీసుకోరు. తెనాలి మనిషి. రైల్వే అకౌంట్స్‌లో రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నారు. నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని, మెయింటెనెన్స్ ఎవరు కట్టారు, ఎవరు సగమే కట్టారు, ట్యాంకర్ నీళ్ళ వాటా ఎవరు ఎగ్గొట్టారు అని ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టుకునేవారు. సంక్రాంతి సెలవుల్లో ఆ అవస్థ చూడలేక ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాము రాసిచ్చాను. దాని పేరు బాకీ. టెర్మినల్లో, అంటే కమాండ్లు టైపు చేసే తెరలో, ఆ పేరు కొట్టి, స్టేట్‌మెంటు ఫైలు ఏదో, ఏ నెలో చెబితే ఎవరెంత బాకీనో జాబితా ఇస్తుంది.

మొన్న మే నెల జాబితాతో నా పరువు పోయింది. జాబితాని ఫైల్లోకి మళ్ళించి, దాన్నే ప్రింటు తీసి లిఫ్టు పక్కన బోర్డు మీద అంటిస్తాం. ఒక వరుసలో తేదీ చదవలేక ప్రోగ్రాము "హెచ్చరిక: 12వ వరుస అర్థం కాలేదు, వదిలేస్తున్నాను" అంది. అనాల్సిందే. కానీ తప్పుల మాటలకి వేరుగా ఉండే స్టాండర్డ్ ఎర్రర్‌లోకి పంపాల్సిన మాటని నేను మామూలు ప్రింటుతో అనిపించాను. అది కూడా ఫైల్లోకే పోయింది. 206కీ 207కీ మధ్యలో అచ్చయి, రెండు రోజులు బోర్డు మీద వేలాడింది. "12వ వరుస అంటే మేమేనా?" అని 112 వాళ్ళు దెబ్బలాటకొచ్చారు.

దిద్దడం నిమిషం పని. నన్ను కుదురుగా ఉండనివ్వనిది వేరే. ఈ ప్రోగ్రాముకి ముప్ఫై దాకా యూనిట్ టెస్టులున్నాయి, అన్నీ పచ్చగా ఉన్నాయి, అంటే పాసయ్యాయి. అవి లోపల కూర్చుని చూస్తాయి, ఈ ఫంక్షన్‌కి ఇది ఇస్తే అది వచ్చిందా అని. బోర్డు మీద ఏం పడిందో వాటికి తెలిసే దారే లేదు. కమాండ్ లైన్ ప్రోగ్రాము వాడే మనిషి చేతికి వచ్చేవి నాలుగే: మామూలు అవుట్‌పుట్, ఎర్రర్ అవుట్‌పుట్, పని ఎలా ముగిసిందో చెప్పే ఎగ్జిట్ కోడ్ అనే అంకె, డిస్కు మీద పడ్డ ఫైళ్ళు. ఈ నాలుగింటినీ గుమ్మం బయట నిలబడి చూసే టెస్టులు కావాలి. యాక్సెప్టెన్స్ టెస్టులంటే అవే కదా. ఆఫీసులో వాటి మీద మీటింగులు పెడతాం. ఇంట్లో రాసుకున్న ప్రోగ్రాముకి మాత్రం ఒక్కటీ లేదు.

జూన్ 8, ఆదివారం

బ్యాట్స్‌తో మొదలుపెట్టాను. టెర్మినల్లో కమాండ్లు రాసే బాష్ భాషలో టెస్టులు రాసుకునే పరికరం. 2011లో శామ్ స్టీఫెన్సన్ మొదలుపెట్టాడు, 2017 నుంచి బ్యాట్స్-కోర్ అన్న పేరుతో వేరేవాళ్ళు నడుపుతున్నారు. రన్ అని రాసి పక్కన కమాండు పెడితే, ఎగ్జిట్ కోడ్ ఒక వేరియబుల్లో, ప్రోగ్రాము అన్న మాటలు ఇంకో వేరియబుల్లో వచ్చి కూర్చుంటాయి. గంటలో ఆరు టెస్టులయ్యాయి.

సాయంత్రం బాబాయి గారు కాఫీకి వచ్చినప్పుడు గొప్పగా చూపించాను. కళ్ళజోడు సర్దుకుని డాలర్ గుర్తులూ చదరపు బ్రాకెట్లూ కాసేపు చూశారు. "ఇందులో 304 వాళ్ళ సంగతి ఎక్కడుందమ్మా?" అన్నారు. వేలు పెట్టి చూపించాను. "నువ్వు చెబితే ఒప్పుకోవాలి గానీ, నాకైతే కరెంటు బిల్లు వెనక ప్రింటులా ఉంది."

ఆయన వెళ్ళాక ఆరు టెస్టులూ పక్కన పెట్టేశాను. బ్యాట్స్‌ది ఏ తప్పూ లేదు, నా ఒక్కదానికే అయితే అదే వాడేదాన్ని. కానీ జాబితా సరిగా ఉందో లేదో చెప్పగల మనిషి ఈ అపార్ట్‌మెంటులో ఆయనొక్కరే. ఆయన చదవలేని టెస్టుని ఎవరు ఆమోదించినట్టు?

జూన్ 14, శనివారం

కుకుంబర్ అనే ఇంకో టెస్టు పరికరానికి మారాను. దీంట్లో టెస్టులు గెర్కిన్ అనే భాషలో, మామూలు వాక్యాల్లో రాస్తారు. గెర్కిన్ అంటే ఊరవేసే బుడ్డి దోసకాయ. 1990ల మొదట్లో కర్ణాటకలోనే రైతులు పండించడం మొదలుపెట్టి, తర్వాత తమిళనాడుకీ మన రాష్ట్రాలకీ పాకింది. దాదాపు అంతా ఎగుమతికే. కాబట్టి బెంగళూరులో కూర్చుని గెర్కిన్ రాయడంలో వింతేమీ లేదు.

కుకుంబర్‌కి తోడు అరూబా అనే రూబీ లైబ్రరీ. కమాండ్ లైన్ ప్రోగ్రాములని పరీక్షించడానికే చేసింది. ప్రతి సన్నివేశానికీ, అంటే ఒక్కో టెస్టుకీ, ఒక ఖాళీ ఫోల్డర్ తయారుచేసి, అందులో నిలబడి కమాండు నడిపి, ఏం అందో, ఏ కోడ్‌తో ముగిసిందో పట్టుకుంటుంది. ప్రోగ్రాము పైథాన్‌లో, టెస్టులు రూబీలో, రెండు వంటిళ్ళ కాపురం. నాకది నచ్చింది. పొయ్యి వేరైతే అవతలి గిన్నెలో చెయ్యి పెట్టే బుద్ధి పుట్టదు. లోపలి ఫంక్షన్‌ని దొంగచాటుగా పిలుద్దామన్నా కుదరదు.

అసలు ఆనందం, గెర్కిన్‌కి తెలుగు వచ్చు. వాక్యాలే కాదు, కీవర్డులు కూడా తెలుగులో ఉన్నాయి. ఫైలు మొదటి వరుసలో ఇది ఏ భాషో చెప్పే కామెంటు పెట్టాలి. తెలుగుకి అంతర్జాతీయంగా ఉన్న కోడ్ 'టీ ఈ' కదా అని అది పెట్టాను. ఆ భాష నాకు రాదు పొమ్మంది. అరగంట గూట్లో దీపంలా కూర్చుని, చివరికి భాషల పట్టిక తెరిచి చూస్తే మన తెలుగు 'టీ ఎల్' అన్న కోడ్ కింద ఉంది. ప్రమాణాల ప్రకారం అది ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే తగలోగ్ భాషది! వాళ్ళ కుర్చీలో మనం కూర్చున్నాం. పట్టికలోకి ఒకసారి ఎక్కిన కోడ్‌ని ఇప్పుడు మారిస్తే పాత ఫైళ్ళు విరుగుతాయి. అలాగే వాడుకోవాలి.

రాత్రికి ఇది తయారైంది:

గుణము: నెలవారీ బాకీల జాబితా

  సన్నివేశం: సగం డబ్బే కట్టిన ఫ్లాట్
    చెప్పబడినది 304 ఫ్లాట్ నెలకు 4500 కట్టాలి
    మరియు మే నెలలో 304 నుంచి 2000 వచ్చింది
    ఈ పరిస్థితిలో మే నెల బాకీలు అడిగితే
    అప్పుడు జాబితాలో 304 పక్కన 2,500 ఉండాలి

అరూబాతో పాటు వచ్చే వాక్యాలన్నీ ఇంగ్లీషువే కాబట్టి ఒక్కో తెలుగు వాక్యానికీ దాని అర్థం రూబీలో నేనే రాసుకోవాల్సొచ్చింది. ఒక్కోటీ రెండు మూడు వరుసలు, అంతే. ఒకచోట మాత్రం కాలు జారింది. బోర్డు మీది హెచ్చరిక కోసం రాసిన టెస్టు, పాత తప్పు ఉన్న ప్రోగ్రాము మీద కూడా పచ్చగానే వచ్చింది. అరూబా వాక్యాల్లో ఉత్త అవుట్‌పుట్ అంటే రెండు దారులూ కలిపి చూస్తుంది. నేనూ అదే వాడాను. హెచ్చరిక మామూలు దారిలో పోయినా, ఎర్రర్ దారిలో పోయినా దానికి ఒకటే. స్టాండర్డ్ అవుట్‌పుట్‌ని విడిగా అడిగితే అప్పుడు ఎర్రబడింది. ప్రోగ్రాముని దిద్దాక పచ్చబడింది.

జూన్ 15, ఆదివారం

ఫైలు ప్రింటు తీసి బాబాయి గారికి ఇచ్చాను. ఎర్ర పెన్ను తీశారు.

మొదట కీవర్డుల మీద పడ్డారు. "గుణము ఏంటమ్మా? మందు గుణమా, మనిషి గుణమా?" ఫీచర్ అన్న మాటని డిక్షనరీలో వెతికి పెట్టినట్టుంది అన్నాను. "ఈ 'చెప్పబడినది' మరీ కోర్టు కాగితంలా ఉంది." అదీ నిజమే. తెలుగులో ఎవరూ అలా మాట్లాడరు. గెర్కిన్‌లో ఈ కీవర్డుల బదులు ఉత్త నక్షత్రం గుర్తు పెట్టినా చెల్లుతుంది. కానీ ఏది ముందున్న పరిస్థితో, ఏది మనం చేసిన పనో తెలియకుండా పోతుందని ఉంచేశాను. రెండు పేజీలు చదివేసరికి ఆయనకి అవి కనపడటం మానేశాయి, మనం ఫారాల్లో అచ్చు అక్షరాలు చదవనట్టే.

తర్వాత అసలు పని. పన్నెండు సన్నివేశాల్లో పదకొండింటికి టిక్కు పెట్టారు. పన్నెండోది మొత్తం బాకీ గురించి. అందులో "అప్పుడు చివర మొత్తం 125,000 ఉండాలి" అని ఉంది. దాని కింద గీత గీశారు.

"ఇదెంత?"

"లక్షా ఇరవై అయిదు వేలు, బాబాయి గారూ."

"మరి లక్ష ఎక్కడుంది?"

పైథాన్‌ని కామాలు పెట్టమంటే మూడేసి అంకెలకి పెడుతుంది. మనకి 1,25,000 కావాలి. సిగ్గుపడాల్సింది కామాకి కాదు. ఆ వాక్యం నేను ఆలోచించి రాయలేదు. ప్రోగ్రామునొకసారి నడిపి, అది ఏమందో కాపీ చేసి 'అప్పుడు' పక్కన అతికించాను. నిందితుడి మాటే సాక్ష్యంగా రాసుకున్నట్టు. అవుట్‌పుట్ పెద్దదైతే అందరం చేసే పనే ఇది. గోల్డెన్ ఫైలు అని ముద్దుపేరు కూడా ఉంది. ఒకసారి మనిషి కళ్ళతో చదివి ఒప్పుకున్నాక దాచిపెడితే మంచి పద్ధతే. నేను చదవలేదు.

జూన్ 18, బుధవారం

ఆఫీసు నుంచి ఇంటికి రావడానికి గంటంబావు పట్టింది. క్యాబ్‌లో కూర్చుని ఒక ఆలోచన చేశాను: ప్రోగ్రామునే విరగ్గొడితే టెస్టులు ఏమంటాయి? ఇంటికొచ్చి మొదటి వరుసలోనే ప్రాణం పోయేలా ఒక తప్పు పెట్టాను. ఇప్పుడిక బాకీ ఏ పనీ చేయదు. ఎక్కడ పడిందో చెప్పే ట్రేస్‌బ్యాక్ ఒకటి ఎర్రర్ దారిలోకి కక్కి పడిపోతుంది.

19 సన్నివేశాలు. 15 ఎర్రగా వచ్చాయి. నాలుగు పచ్చగా!

చచ్చిన ప్రోగ్రాము నాలుగు పరీక్షలు పాసైంది. ఏవా అని చూస్తే అన్నీ ఒకే జాతివి: "పూర్తిగా కట్టేసిన 304 జాబితాలో ఉండకూడదు", "హెచ్చరిక జాబితాలో పడకూడదు" లాంటివి. జాబితా అంటూ ఏదీ రానప్పుడు అందులో 304 ఎందుకుంటుంది? లేదు కాబట్టి పాస్. అసలు పరీక్షకే రాని పిల్లాడికి తప్పులేవీ లేవని నూటికి నూరు వేసినట్టుంది.

'ఉండకూడదు' అని ముగిసే ప్రతి వాక్యం వెనకా ఇప్పుడు రెండు తనిఖీలు పెట్టాను. ఎగ్జిట్ కోడ్ ఆశించినదే కావాలి, జాబితా శీర్షిక కనపడాలి. అవి అయ్యాకే లేకపోవడాన్ని నమ్మాలి. మళ్ళీ విరగ్గొట్టి నడిపాను. 19కి 19 ఎర్రగా వచ్చాయి. అన్నీ ఎర్రగా ఉన్నందుకు సంతోషించి పడుకోవడం ఇదే మొదటిసారి.

జూన్ 22, ఆదివారం

ఇవాళ్టి పాఠం బాబాయి గారి ఒక్క ప్రశ్నతో మొదలైంది. "స్టేట్‌మెంటు ఫైలంతా తప్పుగా వస్తే ఏమవుతుందమ్మా?" నిజంగా అయ్యేదే. బ్యాంకు వాళ్ళు ఒక్కోసారి తేదీలో గీతల బదులు చుక్కలు పెడతారు, ఒక్క వరుసా చదవలేం.

సంక్రాంతికి ఈ ప్రోగ్రాము రాసినప్పుడు నేనొక తెలివి ప్రదర్శించాను. ఎన్ని వరుసలు అర్థం కాకపోతే అంత సంఖ్యని ఎగ్జిట్ కోడ్‌గా ఇచ్చేదాన్ని. మూడు తప్పులుంటే 3. ఏమీ లేకపోతే 0, అంటే క్షేమం. జాబితాని అపార్ట్‌మెంటు గ్రూపులో పంపే చిన్న స్క్రిప్టు, కోడ్ 0 వస్తేనే ముందుకెళ్తుంది. చక్కగా ఉంది అనుకున్నాను.

బాబాయి గారి ప్రశ్న కోసం 300 తప్పు వరుసలున్న ఫైలు తయారుచేసి, ఎగ్జిట్ కోడ్ 300 రావాలి అని రాశాను. 44 వచ్చింది.

ఫైలు తప్పేమోనని వరుసలు లెక్కపెట్టాను. 300 ఉన్నాయి. ప్రోగ్రాము లోపల లెక్క ప్రింటు చేయించాను. అక్కడా 300. బయటికొచ్చేసరికి మాత్రం 44. కాగితం మీద 300లోంచి 44 తీసేస్తే గానీ వెలగలేదు: 256. యునిక్స్ లోకంలో ప్రోగ్రాము ఎంత పెద్ద సంఖ్యతో ముగిసినా, దాన్ని నడిపినవాళ్ళకి అందేది చివరి ఎనిమిది బిట్లే. 0 నుంచి 255 వరకే చోటు. ఆపైన మళ్ళీ సున్నా నుంచి లెక్క, ఆటో మీటరు చుట్టు తిరిగొచ్చినట్టు.

చేతులు చల్లబడ్డాయి. సరిగ్గా 256 తప్పులతో నడిపాను. ఎగ్జిట్ కోడ్ 0. ఒక్క వరుసా చదవలేని ప్రోగ్రాము "అంతా క్షేమం" అంటోంది, స్క్రిప్టు ఆ మాట నమ్మి అందరూ బాకీయే అన్న జాబితాని 48 ఇళ్ళకీ పంపేసేది.

అక్కడితో పోలేదు. కమాండు దొరకనప్పుడు షెల్ (టెర్మినల్లో మన కమాండ్లు నడిపేది) 127 ఇస్తుంది. ఏదైనా సిగ్నల్ వల్ల ప్రోగ్రాము చస్తే 128కి ఆ సిగ్నల్ నంబరు కలిపి చెబుతుంది. కంట్రోల్ సీ నొక్కితే అందుకే 130. అంటే నా లెక్కలో 127 తప్పులుంటే ప్రోగ్రామే లేదన్నట్టు, 130 ఉంటే బాబాయి గారు మధ్యలో ఆపేసినట్టు. పాత పెద్దల పద్ధతి చూస్తే ఎంత పొదుపో. మాటల్ని వెతికే గ్రెప్, దొరికితే 0, దొరక్కపోతే 1, గొడవైతే 2. ఫైళ్ళని పోల్చే డిఫ్, తేడా లేకపోతే 0, ఉంటే 1, గొడవైతే 2. నేనూ ఆ దారికే వచ్చాను: అంతా చదివితే 0, కొన్ని వరుసలు వదిలేస్తే 1, అసలు కమాండు ఇవ్వడమే తప్పయితే 2. ఎన్ని తప్పులన్నది ఎర్రర్ దారిలో మాటల్లో చెబుతుంది.

  కథనం: తప్పు వరుసలు ఎన్నున్నా కోడ్ ఒకటే
    చెప్పబడినది స్టేట్‌మెంటులో <ఎన్ని> తప్పు వరుసలున్నాయి
    ఈ పరిస్థితిలో మే నెల బాకీలు అడిగితే
    అప్పుడు ఎగ్జిట్ కోడ్ <కోడ్> రావాలి

    ఉదాహరణలు:
      | ఎన్ని | కోడ్ |
      | 0   | 0  |
      | 1   | 1  |
      | 255 | 1  |
      | 256 | 1  |
      | 300 | 1  |

పట్టిక చూసి బాబాయి గారు 256 మీద వేలు పెట్టారు. "ఇదేంటి, అంత కచ్చితంగా?" చెప్పాను. కాసేపు నవ్వి, వాళ్ళ ఆఫీసులో అంకెల గళ్ళు చాలని పాత యంత్రం ఒకటి ఉండేదనీ, మొత్తం పెద్దదైతే ముందున్న ఒకటిని మింగేసేదనీ చెప్పారు. ఆ ఒకటిని పెన్సిల్‌తో పక్కన రాసుకునేవారట.

జూన్ 28, శనివారం

జాబితాలో ఓనర్ల పేర్లు కూడా తెలుగులో కావాలన్నారు. బోర్డు మీదికి ఇంగ్లీషుదే, ఇది ఆయన సొంత ఫైలు కోసం. ఫ్లాట్ నంబరు, పేరు, బాకీ అని మూడు నిలువు వరుసలు. పేరుకి 20 గళ్ళు కేటాయించాను. టెస్టు పచ్చ. ఆయన లాప్‌టాప్‌లో చూస్తే బాకీల అంకెలు వానలో బట్టల తాడులా వంకర్లు పోయాయి.

పరీక్ష కోసం శ్రీలక్ష్మి అన్న పేరు తీసుకున్నాను. కంటికి మూడే అక్షరాలు: శ్రీ, ల, క్ష్మి. పైథాన్‌ని పొడవు అడిగితే 11 అంటుంది, ఎందుకంటే యూనికోడ్‌లో ఒత్తులూ, పొల్లులూ, గుడులూ అన్నీ విడివిడి గుర్తులు. ఫైల్లో బైట్లు 33, ఒక్కో గుర్తుకీ మూడు చొప్పున. పైథాన్ 11ని పట్టుకుని 9 ఖాళీలు కలిపి 20 అయిందనుకుంది. తెర మీద ఆ పేరు ఎంత చోటు తీసుకుంటుందో ఆ టెర్మినల్‌కీ ఆ ఫాంటుకే తెలియాలి. ఒకే జాబితా నా మెషీన్లో ఒకలా, ఆయన మెషీన్లో ఇంకోలా కనిపిస్తుంది.

టెస్టుకి మాత్రం రెండు చోట్లా అవే బైట్లు, అందుకే పచ్చ. వంకరని చూసే కన్ను దానికి లేదు. వెడల్పు కొలిచే లైబ్రరీ ఒకటి పెట్టి గంట కుస్తీ పట్టాను. రెండు టెర్మినళ్ళలో రెండు రకాలుగా ఓడిపోయాక, పేరుని చివరి నిలువు వరుసలోకి తోసేశాను. నంబరు, బాకీ, పేరు. పేరు తర్వాత ఏమీ లేదు కాబట్టి వంకరపోవడానికీ ఏమీ లేదు. దీన్ని పరిష్కారం అనొచ్చో లేదో గానీ బాబాయి గారు టిక్కు పెట్టారు.

జూలై 1, మంగళవారం

నిన్న సాయంత్రం కరెంటు పోయి ఎనిమిదింటికి కూర్చోవాల్సినదాన్ని పదకొండున్నరకి కూర్చున్నాను. అర్ధరాత్రి దాటాక 12:40కి కోడ్ పంపాను. ఇంట్లో అన్నీ పచ్చ. అదే కోడ్, పంపగానే టెస్టులు నడిపే సీఐ సర్వర్లో ఒకటి ఎర్ర: నెల చెప్పకపోతే ఈ నెల బాకీలు చూపాలి అన్నది. టెస్టు జూన్ కావాలంటోంది, ప్రోగ్రాము జూలై అంటోంది.

ప్రోగ్రామే రైటు. అది కోల్‌కతా టైమ్‌జోన్‌లో తేదీ చూసుకుంటుంది. టెస్టులో మాత్రం ఇవాళ్టి తేదీని రూబీని అడిగాను. రూబీ ఆ సర్వరుని అడిగింది, సర్వరు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంది. అక్కడింకా జూన్ 30, రాత్రి 7:10. మనం అయిదున్నర గంటలు ముందు. నెలలో మొదటి రాత్రి, పన్నెండు నుంచి ఉదయం అయిదున్నర దాకా మాత్రమే కనిపించే దెయ్యం ఇది. కరెంటు పోకపోతే దీన్ని నేనెప్పటికీ చూసేదాన్ని కాదు.

మందు రెండు ముక్కలు. టెస్టులు నడిచేటప్పుడు టైమ్‌జోన్, భాష, హోమ్ ఫోల్డర్ అన్నీ నేనే చెబుతాను, యంత్రం నుంచి ఏదీ అరువు తీసుకోకూడదు. హోమ్ ఫోల్డర్ సంగతి కూడా అప్పుడే బయటపడింది. నా సొంత సెట్టింగుల ఫైలు మీద ఆనుకుని నిలబడ్డ సన్నివేశాలు రెండున్నాయి. ఇక రెండోది, 'నాటికి' అనే కొత్త ఆప్షను. తేదీ ఇస్తే ఇవాళ అదే అనుకుంటుంది. టెస్టుల కోసమే పెట్టాను. పొద్దున లిఫ్టులో బాబాయి గారికి చెబితే ఆయన మొహం వెలిగింది. "మార్చి 31 నాటికి ఎంత అని ఆడిటరు అడుగుతాడమ్మా, ఇన్నాళ్ళూ చేత్తో లెక్క కడుతున్నాను."

జూలై 6, ఆదివారం

ఈ వారం చిన్న చిన్నవి చాలా పడ్డాయి. గ్రూపులో పంపే ముందు "పంపనా?" అని అడిగే ప్రశ్న దగ్గర ఒక సన్నివేశం నోరు తెరుచుకుని నిలబడిపోయింది. జవాబు చెప్పేవాళ్ళు లేరు కదా. నేను పెట్టిన 15 సెకన్ల గడువు దాటి చచ్చింది. ఇలాంటి సంభాషణల కోసం ఎక్స్‌పెక్ట్ అని ఒక పరికరం ఉంది, 1990 నాటిది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో డాన్ లైబ్స్ చేశాడు. ఉత్తుత్తి టెర్మినల్ ఒకటి సృష్టించి, ప్రశ్న వచ్చేదాకా ఆగి జవాబు టైపు చేస్తుంది. నా ఒక్క ప్రశ్నకి అంత అక్కర్లేదు. ఎదురుగా టెర్మినల్ లేకపోతే అడగకుండా ఆగిపోవాలి, 'అడక్కు' అన్న ఆప్షను ఇస్తేనే పంపాలి.

ఇంకోటి మాత్రం రెండు గంటలు తినేసింది. బాబాయి గారు ఒక సన్నివేశం ఫోన్లో టైపు చేసి వాట్సాప్‌లో పంపారు. కాపీ చేసి ఫైల్లో పెడితే మొదటి వాక్యానికే కుకుంబర్ పసుపు రంగు చూపించింది, ఇలాంటి వాక్యం నాకు తెలియదని. నా వాక్యం "304 ఫ్లాట్ నెలకు 4500 కట్టాలి". ఆయన వాక్యం కూడా "304 ఫ్లాట్ నెలకు 4500 కట్టాలి". పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదివాను. మా ఆయన్ని పిలిచి చదివించాను. తేడా లేదు.

బైట్లు విప్పి చూస్తే ఆయన 'ఫ్లాట్' తర్వాత, ఖాళీకి ముందు, మూడు బైట్లు ఎక్కువున్నాయి. జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు హల్లు తర్వాతి అక్షరానికి ఒత్తుగా అతుక్కోకుండా ఆపడానికి కీబోర్డులు పెట్టే కనపడని గుర్తు. పదం మధ్యలో ఉంటే దాని పని తెలుస్తుంది. పదం చివర, ఖాళీ ముందు ఉంటే ఉన్నా లేకున్నా కంటికి ఒకటే. ఇప్పుడు టెస్టులు నడపడానికి ముందు ఒక చిన్న స్క్రిప్టు ఫైళ్ళన్నీ వెతికి, ఖాళీల ముందున్న ఆ గుర్తుల్ని తీసేస్తుంది. తెలుగులో టెస్టులు రాయబోయేవాళ్ళు ఈ పని మొదటి రోజే చేసుకోండి.

సన్నివేశాలు 41 అయ్యాయి. అన్నీ నడవడానికి 50 సెకన్లు. ప్రతిసారీ పైథాన్ మొదటి నుంచీ నిద్ర లేవాలి మరి. ఒక కాఫీ కలుపుకునే టైము, పర్వాలేదు.

జూలై 12, శనివారం

జూన్ జాబితా ఏ గొడవా లేకుండా బోర్డెక్కింది. 112 వాళ్ళు కూడా చూసి వెళ్ళారు.

మధ్యాహ్నం బాబాయి గారు పాత క్యాలెండర్ కాగితం వెనక ఏదో రాసుకొచ్చారు. "నువ్వు రాసే పద్ధతిలోనే రాశానమ్మా, చూడు." నీలం ఇంకు, పక్కన మార్జిను కూడా గీశారు.

  సన్నివేశం: అడ్వాన్సు కట్టినవాళ్ళు
    చెప్పబడినది 410 ఫ్లాట్ నెలకు 4500 కట్టాలి
    మరియు ఏప్రిల్‌లో 410 వాళ్ళు ఊరెళ్తూ ఒకేసారి 13500 కట్టారు
    ఈ పరిస్థితిలో జూన్ నెల బాకీలు అడిగితే
    అప్పుడు 410 వాళ్ళని బాకీదారు అనకూడదు
    కాని జూలైకి మాత్రం అడగాలి

బాకీ ప్రోగ్రాముకి అడ్వాన్సు సంగతి తెలియదు. ఏ నెల డబ్బు ఆ నెలకే జమ వేసుకుంటుంది. అంటే 410 వాళ్ళ పేరు మే జాబితాలోనూ జూన్ జాబితాలోనూ బాకీదార్లుగా పడింది. నిన్నటిదాకా నేను పరువు నిలిచిందనుకున్న జాబితాలోనే. వాళ్ళు ఊళ్ళో లేరు కాబట్టి ఎవరూ రాలేదు. "అందుకే రాశాను," అన్నారు బాబాయి గారు, కోపం లేకుండా.

'కాని' కూడా గెర్కిన్ కీవర్డేనని ఆయనకి నేను చెప్పలేదు, తనంతట తనే వాడారు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు టైపు చేసి నడిపాను. 41 పచ్చ, ఒకటి పసుపు. 13500 కట్టిన వాక్యానికీ, చివరి రెండు వాక్యాలకీ అర్థం ఇంకా రాయలేదు. చివరి రెండింట్లో మొదటిది 'అనకూడదు' జాతిది, దాని వెనక రెండు తనిఖీలూ పెట్టాలి. ముందు జూన్ జాబితా బోర్డు మీంచి తీసేసి రావాలి.